పెరుగూ, పంచదారా, ఎడమ పాదమూ

కిల్లి సుభాషిణికి తేడా రాలేదు.

ఇందులో ఏడవాల్సిందేముందో మొదట ఆమెకు అర్థం కాలేదు. ఎమ్మే సైకాలజీ రెండో సంవత్సరంలో ప్రతివాళ్ళూ ఒక పరిశోధన చేసి థీసిస్ రాయాలి. తోటివాళ్ళంతా నోరు తిరగని విషయాలు ఎంచుకుంటే సుభాషిణి మాత్రం చిన్నప్పటి పగ ఒకటి ఎంచుకుంది. పదో తరగతి లెక్కల పరీక్షకి బయల్దేరుతుంటే వాళ్ళ మామ్మ పెరుగులో పంచదార కలిపి నోట్లో కుక్కి, "బెంగెట్టుకోకే పిల్లా, అన్నీ అవే వొచ్చేస్తాయి" అని దీవించి పంపింది. ముప్పై నాలుగు మార్కులొచ్చాయి. పాసవడానికి ముప్పై అయిదు కావాలి. ఆ ఒక్క మార్కు సంగతేమిటో తేల్చుకోవాలని అప్పట్నించీ ఆమెకు కడుపులో ఉంది.

కాబట్టి డిగ్రీ పిల్లలు అరవై మందిని పోగు చేసింది. చీటీలు తీయించి ముప్పై మందికి పరీక్ష ముందు పెరుగూ పంచదారా పెట్టింది, ముప్పై మందికి మంచినీళ్ళిచ్చింది. అందరిచేతా ఆందోళన ఎంత ఉందో చెప్పే ప్రశ్నపత్రం నింపించింది. లెక్క కట్టింది. తిన్నవాళ్ళకీ తినని వాళ్ళకీ గుండెదడలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. పీ విలువ సున్నా పాయింటు ఆరు రెండు.

పీ విలువంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అసలు తేడా ఏమీ లేకపోయినా, ఉత్త గాలివాటున ఇంత తేడా కనబడే అవకాశం ఎంత అని చెప్పే అంకె. అది వందకి అయిదు లోపుంటే "సార్థకం" అంటారు, సంతోషిస్తారు. సుభాషిణిది వందకి అరవై రెండు. అయినా ఆమె సంతోషించింది. అడగాల్సిన ప్రశ్న అడిగింది, జవాబు దొరికింది, మామ్మకి చెప్పాల్సిన మాట ఒకటి చేతికొచ్చింది. ఇంకేం కావాలి?

ఆ కాగితాలు పట్టుకుని గైడు పేరి సోమయాజులు గారి గదికి వెళ్ళింది. ఆయన ముప్పై ఏళ్ళుగా స్టాటిస్టిక్స్ చెప్పి చెప్పి, ఇంట్లో వంకాయలు కూడా కళ్ళు మూసుకుని చీటీ తీసే కొంటారని పేరు. పీ విలువ చూడగానే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఎంత పని జరిగిందమ్మాయ్," అన్నారు. "ఎప్పుడు పోయింది?"

"ఏం పోయింది సార్?"

"తేడా."

"పోలేదండీ, అసలు లేదు. లేదని తేలింది. అదే కదండీ ఫలితం?"

సోమయాజులు గారు లేచి తలుపు దగ్గరగా వేసి, సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీసి చేతికిచ్చారు. వైస్ చాన్సలర్ ఆచార్య గరుడాద్రి గారు ప్రపంచస్థాయి విశ్వవిద్యాలయాలు ఎలా ఉంటాయో చూసి రావడానికి ముప్పై పనిదినాలు విదేశాల్లో తిరిగి, కిందటి వారమే దిగారు. దిగుతూనే జారీ చేసిన మొదటి ఉత్తర్వు అది.

"విశ్వవిద్యాలయ పరిధిలోని సమస్త పరిశోధకులకూ విదితం చేయునదేమనగా, ఇకమీదట సార్థక భేదమును నిరూపించని ఏ పరిశోధనయూ పరిశోధనగా పరిగణింపబడదు. తేడా తేలేని విద్యార్థి, తేడా వచ్చువరకు కోర్సు నందే కొనసాగవలయును. ఈ విషయమున ఎట్టి విజ్ఞప్తులూ స్వీకరింపబడవు."

ఏజెన్సీలో ఒక గురుకుల పాఠశాల వాళ్ళు అప్పటికే సుభాషిణిని కౌన్సెలర్‌గా తీసుకున్నారు. ఇల్లు వదిలొచ్చిన పిల్లలు నాలుగు వందల మంది, వాళ్ళ బెంగ వినడానికి ఒక్క మనిషి కూడా లేరు. ఇంటర్వ్యూ రోజున ఒక పిల్ల ఈమె చున్నీ కొస పట్టుకుని, "మీరే వొస్తారా అక్కా?" అని అడిగింది. వస్తానని మాటిచ్చింది. జూన్ ముప్పైలోగా సర్టిఫికెట్ చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"ఇప్పుడెలా సార్?" అంది.

"బెంబేలు పడకు. ఆందోళన ఒక్కటే కొలిచావా? ఇంకేం కొలిచావో చూద్దాం పట్రా."

ఇంకా చాలా కొలిచింది పాపం, కావాలని కాదు. సైకాలజీ శాఖలో వాడే వ్యక్తిగత వివరాల ఫారం ఒకప్పుడు ఎవరో ఎన్.సి.సి. వాళ్ళ దగ్గర అరువు తెచ్చినది. తిరిగివ్వడం మర్చిపోయారు. అందులో ఎత్తు, బరువు, ఛాతీ, పళ్ళెన్ని, చొక్కా సైజు, బూట్లకోసం కుడి పాదం, ఎడమ పాదం, అన్నీ ఉంటాయి. మొత్తం ఇరవై గడులు. గైడూ శిష్యురాలూ కూర్చుని ఒక్కొక్క గడికే పరీక్ష పెట్టుకుంటూ పోయారు. ఎత్తులో తేడా లేదు. బరువులో లేదు. పళ్ళలో లేదు. పందొమ్మిది అయ్యేసరికి సోమయాజులు గారు కులదైవాన్ని తలుచుకున్నారు. ఇరవయ్యోది ఎడమ పాదం పొడవు. పీ విలువ సున్నా పాయింటు సున్నా మూడు!

"వచ్చింది!" అని ఆయన కుర్చీలోంచి లేచారు. "పెరుగు తిన్నవాళ్ళ ఎడమ పాదం సార్థకంగా పెద్దదమ్మాయ్!"

"సార్, పెరుగు తిన్న అరగంటలో పాదమెలా పెరుగుతుందండీ? ఇరవై రాళ్ళు విసిరితే ఒకటి మామిడికాయకి తగిలింది. మీరే కదా సార్ క్లాసులో చెప్పారు, ఇలా చెయ్యకూడదని?"

"క్లాసులో చెప్పింది పరీక్షలో రాయడానికమ్మా," అన్నారు సోమయాజులు గారు, నొచ్చుకుంటూ. "రిటైర్ అవడానికి నాకు పదకొండు నెలలుంది. నీకు జూన్ ముప్పై ఉంది. పాదం మనిద్దరికీ సరిపోయింది, వేసుకుందాం."

సుభాషిణి ఆ ఇరవయ్యో గడి మళ్ళీ చూసింది. తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ చున్నీ పట్టుకున్న పిల్ల గుర్తొచ్చింది. చివరికి సరేనంది.

ఇంటికెళ్ళి మామ్మతో చెబితే ఆవిడ తన కాళ్ళు రెండూ చాపి దగ్గర పెట్టి చూసుకుంది. "డెబ్బయ్యేళ్ళనించి తింటన్నాను, నాకేటి పెరగలేదేటే?" అని నిష్ఠూరంగా అడిగింది.

వీసీ గారికి మాత్రం ఆ పాదం ఎంతో నచ్చింది. ఆయన సుభాషిణిని పిలిపించుకున్నారు. గది బయట స్టూలు మీద అటెండరు దాలినాయుడు, ఒళ్ళో పెద్ద రిజిస్టరు, చొక్కా జేబులో ఒక రబ్బరు స్టాంపు. వీసీ గారి సంతకం అచ్చు పోయించిన స్టాంపది. పెద్దమనుషులు ప్రతి ఫైలూ సంతకం చేస్తూ కూర్చుంటే పెద్ద ఆలోచనలెప్పుడు చేస్తారు? అందుకని ఫైళ్ళన్నిటికీ ఆ స్టాంపు దాలినాయుడే కొడతాడు, కొట్టినవన్నీ రోజువారీ రిజిస్టరులో ఎక్కిస్తాడు.

"ఎల్లమ్మా, సారు కుశీగా ఉన్నారు," అన్నాడు దాలినాయుడు. "పొద్దున్నించీ బూటిప్పేసి టేపెట్టి కొలుసుకుంటన్నారు."

లోపల గరుడాద్రి గారు నిజంగానే ఒంటి బూటుతో ఉన్నారు. "అమ్మా, ఇది దేశీయ విజ్ఞానానికి అంతర్జాతీయ వేదిక! భేదమే జ్ఞానం. భేదం లేనిచోట శూన్యం. దీన్ని సత్వరమే ఆచరణలో పెడుతున్నాం. నీ మౌఖిక పరీక్షకి నేనే స్వయంగా అధ్యక్షత వహిస్తాను," అన్నారు.

సత్వరమే పెట్టారు కూడా. మర్నాటి నించి ఫుట్‌బాల్ జట్టుకి మూడు పూటలా పెరుగూ పంచదారా. ప్రతి సోమవారం ఎడమ పాదాల కొలత. నెలాఖరున పొరుగు కాలేజీతో పోటీ పెడితే, కుర్రాళ్ళందరూ ఆజ్ఞ ప్రకారం ఎడమ కాలితోనే తన్ని ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఏడు గోల్స్ తేడా సార్థకమే కాబట్టి కోచ్‌కి ప్రశంసాపత్రం ఇచ్చారు.

అంతటితో ఆగితే బావుండేది. కానీ కోతికి కొబ్బరికాయ దొరికింది. గరుడాద్రి గారికి రాత్రికి రాత్రే ఇంకో ఆలోచన తట్టింది. తేడా లేని పరిశోధన దండగైనప్పుడు, తేడా లేని ఉద్యోగం మాత్రం దండగ కాదా? పాత సైకిల్ షెడ్డుకి సున్నం వేయించి "సార్థకతా విభాగం" అని బోర్డు పెట్టించారు. సోమయాజులు గారిని దానికి అధిపతిని చేశారు. ఉత్తర్వులో నాలుగో నిబంధన ఇలా ఉంది: "ఏ పదవి యొక్క ఉనికికినీ, లేమికినీ నడుమ సార్థక భేదము కానరాదో, అట్టి పదవి ఆనాటి సాయంకాలము నుండి రద్దయినట్లే భావింపబడును. ఇందు హోదాతో నిమిత్తము లేదు."

ముందు గేటు వాచ్‌మన్‌కి పరీక్ష పెట్టారు. అతను ఉన్న వారాల్లో సైకిళ్ళు ఎన్ని పోయాయో, లేని వారాల్లోనూ అన్నే పోయాయి. వాచ్‌మన్ రద్దు. హాస్టల్లో పప్పు వేసిన సాంబారూ పప్పు వెయ్యని సాంబారూ ముప్పై మందికి రుచి చూపించారు. ఏది ఏదో ఒక్కడూ చెప్పలేకపోయాడు, పీ విలువ సున్నా పాయింటు ఎనిమిది ఎనిమిది. పప్పు రద్దు. ఒక శాఖలో పాఠాలు విన్నవాళ్ళకీ విననివాళ్ళకీ మార్కుల్లో తేడా రాలేదు. పాఠాలు రద్దు. అక్కడి అధ్యాపకులు మొదట బాధపడ్డారు గానీ, పదింటికల్లా ఇంటికెళ్ళే సౌకర్యం చూసి సర్దుకున్నారు.

ఈ రొదలో ఒక్క మనిషికే తిరుగులేని సార్థకత వచ్చింది, దాలినాయుడికి. అతను వచ్చిన రోజుల్లో ఫైళ్ళు కదిలాయి. అతను సెలవు పెట్టిన రోజుల్లో విశ్వవిద్యాలయంలో ఒక్క కాగితమైనా గడప దాటలేదు. పీ విలువ వెయ్యికి ఒకటి లోపే. సోమయాజులు గారు లెక్క మూడు సార్లు చూసుకుని, లేచి నిలబడి అతనికి నమస్కారం పెట్టారు.

"నా గొప్పేటి నేదు బాబూ," అన్నాడు దాలినాయుడు సిగ్గుపడిపోయి. "సెలవెట్టినప్పుడు స్టాంపు జేబులో ఉండిపోతాది. మరి నానింటికాడుంటే ఫైలెలా కదుల్తాది?"

జూన్ ఇరవై ఎనిమిదిన సుభాషిణి మౌఖిక పరీక్ష. బయల్దేరుతుంటే మామ్మ గిన్నెతో ఎదురొచ్చింది.

"మామ్మా, అది పనిచెయ్యదని నేనే తేల్చాను కదే!"

"తింటే నష్టమూ నేదని నువ్వే తేల్చినావు కదా, తినేసి ఎల్లు," అంది మామ్మ. ఆ వాదనకి ఎదురు చెప్పగలిగిన స్టాటిస్టిక్స్ ఏదీ సుభాషిణికి తోచలేదు. తినేసింది. పైగా దారిలో ఆకలేస్తే తినమని మామ్మ చిన్న స్టీలు డబ్బాలో ఇంకాస్త పెట్టి సంచిలో పడేసింది.

హాలు నిండా జనం. అధ్యక్ష స్థానంలో గరుడాద్రి గారు, పక్కన సోమయాజులు గారు, తలుపు దగ్గర రిజిస్టరుతో దాలినాయుడు. సుభాషిణి లేచి, "పెరుగూ పంచదారా తినడం వల్ల ఎడమ పాదం..." అని మొదలుపెట్టింది. అక్కడ ఆపేసింది. ముందు వరసలో ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్ళు కూర్చుని పెరుగు పేరు వినగానే మొహం పక్కకి తిప్పుకున్నారు. రేపు గురుకులంలో ఎవరో పిల్ల వచ్చి నిజం చెప్పమని అడిగితే ఏ మొహంతో చెబుతాను అనుకుంది.

"సంకోచం వలదు," అన్నారు గరుడాద్రి గారు ప్రసన్నంగా. "అభ్యర్థినికి పద్ధతిపై పట్టున్నదా లేదా అన్నది సభికులు ప్రత్యక్షంగా చూడాలి. అమ్మా, ఇప్పుడే, ఇక్కడే, నీకిష్టమైన ఏదో ఒక దత్తాంశం తీసుకో. పరీక్ష చేసి చూపించు. ఫలితాన్ని నా నాలుగో నిబంధన ప్రకారం తక్షణమే అమలు చేస్తాను!"

చప్పట్లు కొట్టారు. సుభాషిణి హాలంతా కలియజూసింది. ఆమె చూపు దాలినాయుడి ఒళ్ళో ఉన్న రిజిస్టరు మీద ఆగింది. గుండె గబగబా కొట్టుకుంది. ప్రశ్నపత్రం ఇచ్చి ఉంటే ఆందోళన గడిలో నిండుగా మార్కులు పడేవి.

"నాయుడు గారూ, ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా?"

దాలినాయుడు ఆమె మొహం చూశాడు, వీసీ గారి మొహం చూశాడు. "తీస్కోమ్మా, నాదేటి పోయింది," అని ఇచ్చేశాడు.

ఆమె ల్యాప్‌టాప్ తెరమీదికి కలిపి, అంకెలు చదువుతూ ఎక్కించింది. "వీసీ గారు విదేశాలకి వెళ్ళక ముందు ముప్పై పనిదినాలు. రోజుకి ఎన్ని ఫైళ్ళు కదిలాయో ఇవీ. వీసీ గారు విదేశాల్లో ఉన్న ముప్పై పనిదినాలు. రోజుకి ఎన్ని ఫైళ్ళు కదిలాయో ఇవీ. రెండింటికీ నడుమ తేడా ఉందా అన్నది ప్రశ్న."

"బావుంది, బావుంది," అన్నారు గరుడాద్రి గారు మొదటి వాక్యం దాకా. రెండో వాక్యం అయ్యేసరికి కుర్చీలో ముందుకి జరిగారు.

బటన్ నొక్కింది. ఆయన ఉన్నప్పుడు రోజుకి సగటున పదకొండు ఫైళ్ళు. లేనప్పుడూ పదకొండే. పీ విలువ సున్నా పాయింటు తొమ్మిది నాలుగు.

కిటికీ అవతల గేటు దగ్గర, రద్దయిన వాచ్‌మన్ అలవాటు చొప్పున నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు. నాలుగో నిబంధన చెప్పిన సాయంకాలం అవడానికి ఇంకా రెండు గంటలుంది.

సోమయాజులు గారు దొరగారి ప్రాణానికి తన ప్రాణం అడ్డువేశారు. "సార్, గాభరా వద్దు. ఒకటే ఎందుకు చూడాలి? రిజిస్టరులో ఇంకా గడులున్నాయి, ఇరవై చూద్దాం!" అంటూ తనే కూర్చుని టకటకా నొక్కుకుంటూ పోయారు. వచ్చిన ఉత్తరాల్లో తేడా లేదు. వచ్చిన సందర్శకుల్లో లేదు. కరెంటు పోయిన గంటల్లో లేదు. చివరికి ఆయన మొహం చాటంత అయింది. "వచ్చింది సార్! తమరున్న రోజుల్లో టీ కప్పులు సార్థకంగా ఎక్కువ పగిలాయి!"

"అది నమోదు చేయవలదు!" అని గర్జించారు గరుడాద్రి గారు.

తర్వాత ఆయన కళ్ళు మూసుకున్నారు. నొసటి చెమట తుడుచుకున్నారు. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహంలో జ్ఞానోదయం అయిన కళ ఉట్టిపడింది. అంత వేగంగా అయిన జ్ఞానోదయం సుభాషిణి అంతకుముందు చూడలేదు.

"రాసుకోండి," అన్నారు. "తేడా లేకపోవుట అనగా శూన్యము కాదు. అది స్థిరత్వమునకు పరాకాష్ఠ. నేనున్ననూ లేకున్ననూ ఈ విశ్వవిద్యాలయం ఒకే తీరున నడుచుచున్నదన్న, అది నేను నిర్మించిన వ్యవస్థ యొక్క మహత్తు. కావున, తేడా లేదని తేల్చిన పరిశోధన కూడా సంపూర్ణ పరిశోధనయే. ఈ ఉత్తర్వు నిరుడు జనవరి నుండి అమలులో ఉన్నట్లు భావింపవలెను."

సుభాషిణి మరి ఆలస్యం చెయ్యలేదు. సంచిలోంచి అసలు థీసిస్, ఆ పీ విలువ సున్నా పాయింటు ఆరు రెండుది, తీసి బల్లమీద పెట్టింది. "అయితే సార్, ఇది చూడండి. పెరుగూ పంచదారకీ ఆందోళనకీ సంబంధం లేదు. పాదానికి అసలే లేదు."

గరుడాద్రి గారు కాదనడానికి నోరు తెరిచారు. తెర మీద సున్నా పాయింటు తొమ్మిది నాలుగు ఇంకా అలాగే ఉంది. నోరు మూసుకుని తల ఊపారు. దాలినాయుడు వచ్చి జేబులోంచి స్టాంపు తీసి థీసిస్ మీద గట్టిగా ఒకటి కొట్టాడు. ఫుట్‌బాల్ జట్టు లేచి ఈలలు వేసింది.

రెండు రోజుల తర్వాత, జూన్ ముప్పై పొద్దున్న, సుభాషిణి సర్టిఫికెట్ తీసుకుని గంతులేస్తున్నట్టే మెట్లు దిగింది. పదకొండింటికి బస్సు. గురుకులం వాళ్ళకి ఫోన్ కూడా చేసి చెప్పింది, వచ్చేస్తున్నానని. గేటు దగ్గర వాచ్‌మన్ మళ్ళీ వచ్చి నిలబడి ఉన్నాడు. అతనున్నా లేకపోయినా ఒకటే కాబట్టి స్థిరత్వ పతకం కూడా ఇచ్చారు.

చెట్టు కింద అరుగు మీద షకీలా కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. షకీలా ఈమెకి జూనియర్, మొదటి సంవత్సరం; రెండో ఏడు థీసిస్ పని ముందే మొదలెట్టేసింది.

"ఏమైందే?"

"తేడా వచ్చేసిందక్కా!" అంది షకీలా. "పరీక్ష ముందు పది నిమిషాలు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ భయమేంటో వింటే ఆందోళన తగ్గుతుందా అని చూశాను. చాలా తగ్గిందక్కా. అరవై మందిలో చేశాను, పీ విలువ వెయ్యికి ఒకటి లోపే వచ్చింది."

సుభాషిణికి ఒళ్ళు పులకరించింది. తను చెయ్యబోయే ఉద్యోగమంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది. "పిచ్చిదానా, ఇంత మంచి ఫలితం పెట్టుకుని ఏడుస్తావేం?"

షకీలా ముక్కు తుడుచుకుని ఒక కాగితం చాపింది. కొత్త సర్క్యులర్. స్టాంపు తడి ఇంకా ఆరలేదు.

"స్థిరత్వమే జ్ఞానమని నిర్ధారణ అయినందున, ఇకమీదట తేడా చూపు పరిశోధనలు వ్యవస్థకు భంగకరములుగా పరిగణింపబడును. తేడా వచ్చిన విద్యార్థి, అది పోవువరకు కోర్సు నందే కొనసాగవలయును."

"సోమయాజులు గారేమన్నారు?"

"సాంపిల్ తగ్గించమన్నారక్కా. అరవై మంది ఎందుకమ్మా, నలుగురితో చెయ్యి, ఏ తేడా ఉన్నా కంటికి ఆనదు అన్నారు. నాకు మనసొప్పడం లేదు. నిజంగా తగ్గింది కదక్కా! లేదని ఎలా రాస్తాను?"

బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. సుభాషిణి సంచి కింద పెట్టి షకీలా పక్కన కూర్చుంది. అసలు కాగితాలు చింపకుండా దాచుకోమని చెప్పింది. ఈ సర్క్యులర్ కూడా ఎవరి కుర్చీ కిందికైనా నీళ్ళొచ్చేదాకానే బతుకుతుందని చెప్పింది. తర్వాత ఏమీ చెప్పకుండా, పది నిమిషాలూ షకీలా భయమేమిటో విన్నది. షకీలా ఏడుపు తగ్గింది.

"అయ్యో అక్కా, మళ్ళీ తేడా వచ్చేసింది," అంది షకీలా కంగారుగా. "ఇప్పుడు వీసీ గారి ముందుకెళ్ళాలి. ఏం చెయ్యను?"

సుభాషిణి సంచిలో చెయ్యి పెట్టింది. ఈ పొద్దున కూడా మామ్మ మర్చిపోకుండా పెట్టిన స్టీలు డబ్బా తగిలింది. తీసి మూత విప్పి షకీలా చేతిలో పెట్టింది.

"ఇది తిని వెళ్ళవే," అంది. "దీనివల్ల ఏ తేడా రాదని విశ్వవిద్యాలయం స్టాంపు వేసి మరీ ఇచ్చింది."